పై ఆకు

దిల్‌సుఖ్‌నగర్,
16 ఫిబ్రవరి 1969.

అత్తమ్మకు రెబెక్క వందనాలు.

నేను, మీ అల్లుడు సుందరయ్య క్షేమంగా ఉన్నాం. నీ మోకాలు ఎట్లుంది? చలి తగ్గింది గదా, ఇప్పుడన్నా కింద కూర్చొని లేవగలుగుతున్నావా?

మా బడి మూసి నెల కావొస్తోంది. పెద్ద తరగతుల పిల్లలు తెలంగాణ కావాలని రోడ్డెక్కితే చిన్న బడులకు కూడా తాళాలు పడ్డాయి. పిల్లలు లేని పంతులమ్మకు పొద్దు పోదు. పైగా నేను ఎలీశమ్మ మేనకోడలినని ఈ గల్లీకంతా తెలిసిపోయింది. పోచంపల్లి నుంచి వచ్చిన అంజమ్మ చెప్పిందట. పొద్దున లేస్తే ఎవరో ఒకరు వాకిట్లో ఉంటారు. ఒకరికి దగ్గు, ఒకరికి కడుపునొప్పి. నాకేం తెలుసు అత్తమ్మా? అమ్మ పోయినంక పదిహేనేళ్లు నీ ఇంట్లోనే పెరిగాను. ఆకు తేవడానికి వెంట రానివ్వలేదు. మూట కట్టేటప్పుడు తలుపు వేసుకునేదానివి. నాకు నీళ్లు కాచే పని ఒక్కటే ఇచ్చావు.

అందుకే పుస్తకాలు చూస్తున్నాను. మీ అల్లుడు పనిచేసే ప్రెస్సు కోఠిలోనే గదా, అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే ముసలాయన ఉన్నాడు. ఆయన దగ్గర మూలికల పుస్తకాలు మూడు దొరికాయి. ఒకటి లావుది, అన్నీ సంస్కృత శ్లోకాలు, కింద తెలుగు అర్థం. రెండోది రంగుల బొమ్మలది, చూడ్డానికి బాగుంది. మూడోదానికి అట్ట లేదు, రాసినాయన పేరున్న కాగితం కూడా పోయింది. అందులో నల్ల గీతలతో వేసిన బొమ్మలు, ప్రతి మొక్కకూ వేరుతో సహా. ఏది మంచిదో నువ్వే చెప్పాలి.

నా మనసులో ఉన్నది దాచుకోను. పోయిన వానాకాలం మీ అల్లుడికి కామెర్లు వస్తే నువ్వు ఇక్కడికి వచ్చి మందు పోసి బతికించావు. మళ్లీ అవసరం పడొచ్చని మూడు ఎండు పొట్లాలు ఇచ్చిపోయావు. అవి అట్టడబ్బాలో అట్లనే ఉన్నాయి. అది ఏం ఆకో నాకొక్కదానికి చెప్తే చాలు.

మేముండే ఇంట్లో పక్క వాటాకు వెంకట్రావుగారని తెనాలి నుంచి వచ్చిన గుమస్తా కుటుంబం దిగింది. ఆయన భార్య సీతారావమ్మ నాకు మంచి స్నేహితురాలైంది. వాళ్ల పాపకు నేనే అక్షరాలు దిద్దిస్తున్నాను.

నీ బిడ్డ,
రెబెక్క

—

రామన్నగూడెం,
2 మార్చి 1969.

రెబెక్కకు మేనత్త ఎలీశమ్మ దీవెనలు.

ఉత్తరం అందింది. మోకాలు సంగతి అడగకు. అది నా మాట వినుడు ఎప్పుడో మానేసింది.

పేరు చెప్పనీకె రాదు బిడ్డా. మా అత్త లచ్చమ్మ సచ్చేముందు నా చేయి పట్టుకొని ఒట్టు పెట్టించుకున్నది. పేరు నోట్ల నుంచి బయటవడ్డనాడు ఆకు పని చెయ్యదని చెప్పింది. మేము బాప్తిస్మం తీసుకున్నంక పాస్టరుగారు గవన్నీ ఉత్త నమ్మకాలు ఎలీశమ్మా అన్నడు. ఆయన కండ్లు పచ్చబడ్డప్పుడు మాత్రం నా వాకిట్లకే వచ్చిండు, ఏం ఆకని అడగకుంట తాగిండు. నా పానం పొయ్యేటప్పుడు ఒక్కరికి చెప్తా. ఆ ఒక్కరు నువ్వేనని నీకు తెల్వదా? అంత తొందరేంది? నేనింక సావలేదు గదా.

ఇంగో మాట. మీ ఆయన పని ప్రెస్సుల. ఇదంతా అచ్చు గుద్దనీకె కాదు గదా? నాకు జర అనుమానమే.

ఇగ పుస్తకాల సంగతి. నన్ను అడుగుడు ఏంది పిల్లా, నేను చదివింది బైబిలు ఒక్కటే. అయినా అడిగినవు గాబట్టి చెప్తున్న. నీకు తెల్వని ఆకు కోసం పుస్తకం తెరవకు. మొదలు నీకు మంచిగ తెలిసిన ఆకు తీసి చూడు. తంగేడు చూడు, జిల్లేడు చూడు, ఉమ్మెత్త చూడు. తెలిసినదాంట్ల అబద్ధం చెప్పిన పుస్తకాన్ని తెల్వనిదాంట్ల నమ్మొద్దు. ఒక్క ఆకు అన్ని రోగాలకు పనిచేస్తదని రాస్తే ఆ పుస్తకం మూసెయ్. ఎవరికి ఇయ్యొద్దో రాసిండా చూడు. కడుపుతోనున్న దానికి, పాలు తాగే పిల్లకు వద్దని రాసినోడు మనుషులకు మందిచ్చినోడు. ఎవరికన్న ఇయ్యొచ్చని రాసినోడు కుర్చీల కూసొని రాసినోడు.

రంగులు చూసి మోసపోకు. చీర కొంటున్నవా ఏంది.

అత్త,
ఎలీశమ్మ

—

దిల్‌సుఖ్‌నగర్,
23 మార్చి 1969.

అత్తమ్మకు వందనాలు.

నీ ఉత్తరం పట్టుకొని ఆదివారం ప్రార్థన కాగానే కోఠికి పోయాను. ముసలాయన ముందు కూర్చొని మూడు పుస్తకాలనూ నువ్వు చెప్పినట్టే పరీక్ష పెట్టాను. ఆయన నవ్వి, ‘బేటీ, కొంటావా, ఇక్కడే చదివి పోతావా’ అన్నాడు.

శ్లోకాల పుస్తకం తంగేడు గురించి రెండు పేజీలు పొగిడింది. ఏ భాగం వాడాలో ఒక్క ముక్క లేదు. రంగుల పుస్తకం సంగతి వింటే నీకు ఒళ్లు మండుతుంది. ఉమ్మెత్త పిల్లల దగ్గుకు దివ్యమైనదట! ఎంత ఇవ్వాలో కూడా లేదు. మన ఊళ్లో ఉమ్మెత్త కాయ తిని సైదమ్మ కొడుకు మూడు రోజులు పిచ్చిగా తిరిగింది నేను కళ్లారా చూసిందే గదా. వెంటనే మూసేశాను.

అట్ట లేని పుస్తకం ఉమ్మెత్త దగ్గర మొదటి మాటే ‘విషము’ అని రాసింది. జిల్లేడు పాలు కంట పడితే ఏమవుతుందో రాసింది. ఇంకో మొక్క దగ్గర ‘ఈ గుణము విన్నదే కాని నేను చూడలేదు’ అని ఉంది. అత్తమ్మా, ఆ మాట చదివి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తెలియనిది తెలియదని రాసుకున్న మనిషి పేరు కూడా మిగల్లేదు. అదే కొన్నాను. మీ అల్లుడు అట్ట కట్టి ఇచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతి, కోపగించుకోవద్దు. నువ్విచ్చిన పొట్లాల్లో ఒకటి విప్పి ఆకులు తీసి పుస్తకంలో వెతికాను. సగం రోజు పట్టింది. దొరికింది! పేరు తెలిసింది; ఆకు కొన, ఈనెలు, వాసన, అన్నీ సరిపోయాయి. సరూర్‌నగర్ చెరువు కట్ట కింద చెట్టు కూడా చూసి వచ్చాను.

కానీ భయపడకు. పేరు ఈ కాగితం మీద రాయను. మీ ఆయనకు చెప్పలేదు, ఎవరికీ చెప్పను. ఒట్టు నీకైతే నాకు కాదా? అచ్చు గుద్దుతామని అన్నావు గదా, ఆ మాట నాకు బాగా తగిలింది. అందుకే నోరు కట్టుకున్నాను.

రెబెక్క

(‘మా ఆయనకు’ అనబోయి ‘మీ ఆయనకు’ అని రాశాను. నవ్వుకో.)

—

రామన్నగూడెం,
13 ఏప్రిల్ 1969.

రెబెక్కకు.

దొరికితే దొరికిందిలే. దాంట్ల సంబురపడేదేముంది. నలభై ఏండ్లు నేను కడుపుల దాచుకున్నది నువ్వు సగం పూటల పుస్తకంల చూసి పట్టుకున్నవు. సదువుకున్నదానివి.

నోటెత్తకు. ఎవరికీ ఇయ్యకు. నేనొచ్చి నీ చేతుల చేయి పెట్టేదాక అది మందు కాదు, ఉత్త చెత్త. మోకాలు మంచిగైనంక వస్త.

ఈడ ఎండలు పేలుతున్నయి. బస్సులు వచ్చిననాడు వస్తున్నయి, లేనినాడు లేవు.

ఎలీశమ్మ

—

దిల్‌సుఖ్‌నగర్,
8 జూన్ 1969.

అత్తమ్మకు వందనాలు.

నీ పోయిన ఉత్తరం చదివి నీకు కోపమొచ్చిందని తెలిసింది. జవాబు రాయకుండా ఊరుకున్నాను, తప్పు నాదే. ఇప్పుడు కోపం పక్కన పెట్టి వెంటనే జవాబు రాయాలి.

సీతారావమ్మకు కామెర్లు. నాలుగు రోజుల నుంచి అన్నం సయించక వాంతులు చేసుకుంటుంటే ఎండదెబ్బ అనుకున్నాం. నిన్న పొద్దున వెలుతురులో చూస్తే కళ్లు పసుపు పూసినట్టున్నాయి.

ఇక్కడి సంగతి నీకు పేపర్లో ఎంత తెలుస్తుందో తెలియదు. సర్కారు నౌకర్లందరూ సమ్మెకు దిగుతున్నారు. రోజూ బందే. ఎల్‌బీనగర్ దగ్గర రోడ్డు మీద బస్సు తగలబెట్టారు, ఇటు ఒక్క బస్సూ రావడం లేదు. మొన్న రాత్రి వెంకట్రావుగారి తలుపు మీద రాళ్లు పడ్డాయి. ఆంధ్రోళ్లు పోవాలని గోడ మీద రాశారు. ‘మీరు బయటికి రావొద్దు, నేను చూసుకుంట’ అని మీ అల్లుడు వాళ్ల గడపలోనే పడుకుంటున్నాడు. ఆయనకూ తెలంగాణ కావాల్సిందే, జెండా పట్టుకొని ఊరేగింపుకు పోతాడు. ‘తెలంగాణ అడిగితె ఆడదాని మీద రాయి వెయ్యమని ఎవడు చెప్పిండు’ అని గల్లీ పోరగాళ్లతో కొట్లాడాడు.

దవాఖానకు తీసుకుపోదామంటే రిక్షావాడు రానంటున్నాడు. వెంకట్రావుగారు నా ముందు చేతులు జోడించి, ‘అమ్మా, మీ ఆయనకి తగ్గింది కదండీ, ఆ మందే మా ఆవిడకీ ఇప్పించండి’ అన్నాడు.

మిగిలిన రెండు పొట్లాలు వెతికితే డబ్బాకు చెద పట్టి బూడిద అయ్యాయి. పుస్తకంలో చూడడానికి విప్పిన పొట్లంలో పెద్ద ఆకులు తీసి పేజీల మధ్య పెట్టుకున్నాను, అడుగున ఉన్న పొడి దులిపేశాను. అందుకే చెరువు కింది చెట్టు నుంచి పచ్చి ఆకు తెచ్చి, నువ్వు చేసినట్టే మజ్జిగలో కలిపి ఈ పొద్దుటి నుంచి ఇస్తున్నాను.

ఒక్కటే నన్ను పీకుతోంది. మన పుస్తకం ఈ ఆకు కీళ్లనొప్పులకు, వాపులకు అని రాసింది. కామెర్లకు అని ఎక్కడా లేదు. మూడుసార్లు చదివాను, లేదు. కానీ ఆ పుస్తకం రాసినాయన నిన్ను చూడలేదు గదా అత్తమ్మా. నేను చూశాను. పుస్తకం కన్నా నిన్నే నమ్మాను.

అవునని ఒక్క మాట రాయి.

రెబెక్క

—

దిల్‌సుఖ్‌నగర్,
19 జూన్ 1969.

అత్తమ్మకు.

పదకొండు రోజులైంది. ఒక్క ముక్క రాయలేదు.

సీతారావమ్మకు తగ్గలేదు. కాళ్లు వాచాయి. నిన్నటి నుంచి మాట తడబడుతోంది, పాపను చూసి ఎవరీ పిల్ల అని అడిగింది. మందు మాత్రం మానలేదు. నువ్వు వచ్చి ఇస్తే మీ అల్లుడికి ఐదో రోజుకే ఆకలి పుట్టింది. నా చేతితో ఇస్తే ఎందుకు పనిచేయదు? చేయి పెట్టలేదనా? పెట్టకుండా ఇచ్చాననే కోపంతో ఊరుకున్నావా?

లేకపోతే వాళ్లు ఆంధ్రోళ్లనా? మన ఊళ్లో కూడా జెండాలు లేచాయని విన్నాను. మనిషి చచ్చిపోతుంటే నువ్వు అట్ల చూసేదానివి కాదనుకున్నాను. నన్ను పెంచిన ఎలీశమ్మ వేరు.

రేపు ఎట్లయినా సరే మీ అల్లుడు, ఆయన స్నేహితులిద్దరు మంచం మీద మోసుకొని దవాఖానకు తీసుకుపోతామంటున్నారు.

రెబెక్క

—

రామన్నగూడెం,
22 జూన్ 1969.

రెబెక్కా, నా బిడ్డా,

నువ్వు ఎనిమిదో తారీఖున రాసింది ఈ పొద్దు నా చేతికొచ్చింది. టపా సంచి హయత్‌నగర్‌ల పద్నాలుగు దినాలు పడి ఉన్నదట. పోస్టాఫీసు అరుగు మీదనే కూసొని రాస్తున్న.

నువ్వు దెచ్చిన ఆకు ఐదు వేళ్ల లెక్క ఉంటదా? నలిపితే ఘాటు వాసన వస్తదా? అది వావిలాకు. అది కీళ్లనొప్పులదే, నీ పుస్తకం నిజమే చెప్పింది. అది మందు కాదు బిడ్డా. అది పై ఆకు.

మేము మందును ఉత్తగ కట్టం. ఎవరన్న పొట్లం విప్పి చూసి పట్టుకుంటరని మీద ఇంకో ఆకు పరుస్తం. పెద్దది, వాసనున్నది. చూసేటోళ్ల కన్ను దాని మీదనే పడాలని. అసలుది కింద పొడి అయి ఉంటది. తాగించేటప్పుడు పై ఆకు తీసి పారేస్తం. నీ మొగనికి ఇచ్చినప్పుడు గూడ నువ్వు నీళ్లు కాయనీకె పోయినంకనే తీసి పారేసిన. మా అత్త నేర్పింది గట్లనే, నేను చేసింది గట్లనే. నువ్వు దులిపేసిందే మందు.

ఆపెయ్. ఇంక ఒక్క చుక్క ఇయ్యకు. పెద్ద దవాఖానకు తీసుకపోండ్రి. బందు ఉన్నా, రాళ్లు పడ్డా తీసుకపోండ్రి. నేను నడిచొద్దామని బయలెల్లిన, రెండు మైళ్లకు మోకాలు కూలబడ్డది. బండి దొరికిన గడియల వస్త.

ఎలీశమ్మ

—

దిల్‌సుఖ్‌నగర్,
6 జూలై 1969.

అత్తమ్మకు.

నీ ఉత్తరం నాకు 29న అందింది. సీతారావమ్మ 21న తెల్లవారుజామున దవాఖానలో పోయింది. వాళ్లు మోసుకుపోయి ఒక్క రోజే అయింది. ‘పది రోజుల ముందు తెస్తే ఏమన్నా చేసేవాళ్లం’ అని డాక్టరమ్మ అంది. ఆ పది రోజులూ ఆమె మంచం పక్కన కూర్చొని గ్లాసు పట్టింది నేను.

రిక్షావాడు రానన్నాడని నీకు రాశాను. నిజమే, రానన్నాడు. కానీ మంచం మీద మోసుకుపోయే మాట మొదటి రోజే మీ అల్లుడు అన్నాడు. వద్దన్నది నేనే. ‘మా అత్తమ్మ మందు ఉంది, ఐదు రోజులు చూద్దాం’ అన్నాను. ఆ ఐదు రోజులు అయ్యాక ఇంకో ఐదు అన్నాను. నేను చంపుకున్నాను అత్తమ్మా. బంగారంలాంటి మనిషి. నాకు కాఫీ కాచి ఇవ్వకుండా ఒక్కరోజు లేదు.

వెంకట్రావుగారు సామాను లారీలో వేసి పాపను తీసుకొని తెనాలి వెళ్లిపోయాడు. లారీ ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి, ‘చెల్లెమ్మా, ఊరంతా మమ్మల్ని తరిమింది, మీరు మాత్రం మా ఆవిడకి చివరిదాకా మందు పోశారు. మీ రుణం తీర్చుకోలేనండీ’ అని వంగి నా కాళ్లు ముట్టుకోబోయాడు. నేను ఏం చెప్పాలి? వెనక్కి జరిగాను. ఉత్తరాలు రాయమని అడ్రసు ఇచ్చాడు. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆయన నన్ను దేవతను చేసి పోయాడు, అది నేను మోయలేను.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. పేరు చెప్పలేదని కాదు. చూసేవాళ్లను తప్పుదోవ పట్టించాలని ఇంకో ఆకు పరిచావు, దాన్ని చూసింది నేను. నీ బిడ్డను. పుస్తకం నాకు నిజమే చెప్పింది. నిన్ను నమ్మి పుస్తకాన్ని కాదన్నాను.

వాళ్ల అడ్రసు కింద రాస్తున్నాను. నీకు ఏం రాయాలో తెలిస్తే నాకు చెప్పు. నాకు తెలియడం లేదు.

రెబెక్క

—

రామన్నగూడెం,
24 ఆగస్టు 1969.

బిడ్డా రెబెక్కా,

నెలన్నర నీకు జవాబు రాయలేకపోయిన. కూసొని కాగితం పెట్టుకునుడు, మళ్ల తీసి మడిచిపెట్టుడు.

ఏప్రిల్ల నువ్వు దొరికిందని రాసినప్పుడు పెద్దాకా, చిన్నాకా అని ఒక్క మాట అడుగుదామనుకున్న. కలం పెట్టిన. మళ్ల కడుపుల మండింది. నలభై ఏండ్ల నా విద్దెను ఈ పిల్ల సగం పూటల గుంజుకున్నదని అసూయ పుట్టింది. అడగలే. అడిగితె నువ్వు ఐదు వేళ్లదని రాస్తుంటివి, నేను కాదని రాస్తుంటిని. అంతే ఉండె. దేవుని ముందట గూడ ఇదే చెప్త.

నా మందు తాగినోళ్లు అందరు బతికిన్రని నేను అనుకుంట తిరిగిన. గీ నెలల కూసొని యాది చేసుకున్న. బతికినోళ్లే కొబ్బరికాయో, కోడిపుంజో పట్టుకొని నా ఇంటికి వచ్చిన్రు. సచ్చినోళ్లు ఎవరొచ్చి చెప్తరు? సీతారావమ్మకు అసలు ఆకే ఇచ్చినా బతుకుతుండెనో లేదో నాకు తెల్వదు. నీ పుస్తకం రాసినాయన లెక్క నేను గూడ తెల్వదని చెప్పుడు నేర్చుకోవాలె. ఇగ మీదట ఎవరొచ్చినా ముందుగాల దవాఖానకే పొమ్మంటున్న.

వెంకట్రావుకు నేనే రాసిన. నువ్వు చింపినవి చాలు. ఆయనకు ఉన్నదున్నట్టు రాసిన. తప్పు నా మేనకోడలిది కాదు, ఆమె మీ ఇల్లాలి కోసం నా మాట గూడ దాటింది. దాచినదాన్ని నేను, దాచి మీద ఇంకోటి పరిచినదాన్ని నేను అని రాసిన. తిట్టినా, కేసు పెట్టినా తలవంచుకుంట అన్న.

మొన్న జవాబొచ్చింది. చిన్న ఉత్తరం. చదివింది చదివినట్టు రాస్తున్న: ‘అమ్మా, మీ ఉత్తరం చదివాను. క్షమించానని రాయలేను, అంత మనసు నాకు లేదు. రెబెక్కమ్మని ఏమీ అనుకోవడం లేదని చెప్పండి. మా పాపకి మూడు రోజుల నుంచి కళ్లు పచ్చగా ఉన్నాయి. ఇక్కడ ఆస్పత్రిలో చేర్చాం. డాక్టర్లు చూస్తున్నారు. ఆ ఆకు పేరేమిటో చెప్పండి.’

రెబెక్కా, నువ్వు అక్షరాలు దిద్దించిన పిల్ల.

పోస్టాఫీసుకు పోయిన. కవరు అడిగితె లేవన్నరు, కార్డే ఉన్నదన్నరు. కార్డంటే నలుగురు చదువుతరు. ఒక్క గడియ నిలబడ్డ. కార్డు మీదనే రాసిన. డాక్టరు మాట దాటొద్దు, ఆయన మందు ఆపొద్దు, ఆయన ఒప్పుకుంటెనే ఇది ఇయ్యమని మొదలు రాసిన. దాని కింద నేలుసిరి అని రాసిన. ఆకు కింద వరసగ ఆవగింజంత కాయలుంటయి, వానలకు ఏ వాకిట్లనన్న మొలుస్తదని రాసిన. నీకు గూడ ఇదే చెప్పుడు. ఇంతేనా అనుకుంటవు. ఇంతే బిడ్డా. మీ దిల్‌సుఖ్‌నగర్‌ల పీకి పారేస్తుంటరు సూడు, గదే. నీ పుస్తకంల ఉంటది, తీసి చూడు. ఎవరడిగినా చెప్పు.

పోస్టుమాస్టరు సైదులు ముద్ర కొట్టబోయి కార్డు మీద కన్ను పెట్టిండు. రెండుసార్లు చదివిండు.

‘ఎలీశమ్మవ్వా, కామెర్లకు నువ్విచ్చేది గిదేనా?’ అన్నడు.

‘గిదే బిడ్డా’ అన్న.

‘పోయిన వానాకాలం మా అమ్మకొచ్చినప్పుడు నువ్వు ఊళ్లె లేవు, నీ మేనకోడలింటికి పోయినవు. నాలుగు దినాలు నీ గడపల కూసున్న. అయిదోనాడు అమ్మ పోయింది’ అన్నడు. ముద్ర చేతులనే పట్టుకొని, ‘గిది మా ఇంటెనుక గోడ పొంటి మోకాలెత్తు ఉండె అవ్వా’ అన్నడు.

ముద్ర కొట్టేదాక ఆడనే నిలబడి, ఇంటికొచ్చి నీకు రాస్తున్న.

నీ అత్త,
ఎలీశమ్మ